ఎత్తు పెంచిన పికప్పు, మిగలని ట్రావెల్: అనంతపురం షెడ్డు నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని బండి ఇసుజు డీ-మ్యాక్స్ వి-క్రాస్. ముందు డబుల్ విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే పై, కింది ఆర్మ్‌లు) మీద కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు, అవసరమైనప్పుడు నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటు ఉన్న బండి. యజమాని నార్పల వైపు చీనీ తోట ఉన్న రైతు. ఎక్కువ రోజులు బండి ఖాళీగానే అనంతపురానికీ తోటకూ మధ్య తిరుగుతుంది. ఎరువుల మూటలో, డ్రిప్పు పైపులో, కోత కాలంలో కాయల క్రేట్లో ఎత్తినప్పుడు మాత్రం తొట్టిలో రెండు క్వింటాళ్ల వరకు బరువు ఉంటుంది. తోటకు పోయే దారిలో ఒక వంక దాటాలి. వంక దాటాక నల్లరేగడి రస్తా. వాన పడితే ట్రాక్టర్లు తొక్కిన గాడులు అందులో లోతుగా ఏర్పడి, తరువాత ఎండకు రాయిలా గట్టిపడతాయి. కాబట్టి ఎత్తు పెంచాలన్న కోరికను సరదా కింద కొట్టిపారేయడానికి లేదు.

మా షెడ్డుకు వచ్చేసరికే బండికి మరో ఊళ్లో లిఫ్ట్ కిట్ వేసి ఉంది. ముందు భాగంలో కాయిలోవర్లు వేశారు, అంటే షాకబ్జర్ గొట్టం మీదే మరలు ఉండి, ఆ మరల మీద తిరిగే రింగుతో స్ప్రింగు కింది సీటును పైకీ కిందికీ జరుపుకొనే రకం. వెనక కమాన్ కట్టలో అదనంగా ఒక పట్టీ చేర్చారు. నాలుగు షాకబ్జర్లకూ పట్టు పెంచి తగ్గించుకునే తొమ్మిది స్థాయిల నాబ్ ఉంది. కంపెనీ ఇచ్చిన 245/70 ఆర్16 టైర్లు తీసి 265/70 ఆర్16 టైర్లు ఎక్కించారు. ఇంత ఖర్చు పెట్టిన తరువాత యజమాని చెప్పిన బాధలు ఇవి: ముందు నుంచి గట్టి చప్పుడు, జాతీయ రహదారి 44 మీద వేగం పెరిగేకొద్దీ స్టీరింగ్ నిలకడ తప్పడం, ముందు టైర్లు అంచున అరిగిపోవడం, ఎడమ వైపు యాక్సిల్ రబ్బరు బూటు నుంచి గ్రీజు చిమ్మడం, రాత్రిపూట ఎదురుగా వచ్చేవాళ్లందరూ లైట్లు కొట్టి తిట్టడం.

చప్పుడు గురించి ఆయన అన్న మాటలోనే సగం జవాబు ఉంది. "స్పీడ్ బ్రేకరు ఎక్కేటప్పుడు ఏమీ లేదన్నా, దిగేటప్పుడే కింద సుత్తితో కొట్టినట్లుంటాది" అన్నారు. చక్రం పైకి నొక్కుకుపోయి బంప్ స్టాపుకు, అంటే చక్రం మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మకు, తగిలితే చప్పుడు ఎక్కేటప్పుడు రావాలి, అదీ రబ్బరు మీద పడిన మొద్దు చప్పుడై ఉండాలి. దిగేటప్పుడు ఇనుము మీద ఇనుము కొట్టినట్లు వస్తోందంటే చక్రం కిందికి జారుతూ షాకబ్జర్ పూర్తిగా సాగి, లోపలి పిస్టన్ పై కొసకు తగులుతోందన్నమాట. ఇలాంటి చోట లింకు రాడ్లు, బాల్ జాయింట్లు మార్చి డబ్బు పోగొట్టుకునేవాళ్లను తరచూ చూస్తుంటాను. వాటిని మేమూ పరీక్షించాం, అన్నీ బాగానే ఉన్నాయి.

ఇక కొలతలు. ఎత్తును నేల నుంచి మడ్‌గార్డు వరకు కొలవడం మా షెడ్డులో చేయం, ఎందుకంటే టైరు సైజు, గాలి రెండూ ఆ లెక్కలో కలిసిపోతాయి. చక్రం నడిబొడ్డు నుంచి మడ్‌గార్డు అంచు వరకు నిట్టనిలువుగా కొలిస్తే సస్పెన్షన్ ఎత్తు ఒక్కటే తెలుస్తుంది. సమంగా ఉన్న గచ్చు మీద బండి నిలిపి, డీజిల్ నింపి, డ్రైవరు సీటులో యజమానినే కూర్చోబెట్టి, జాకీ దించిన తరువాత బండిని కొంత ముందుకూ వెనక్కూ నడిపి, టైర్లు పక్కకు పట్టిన బిగువు వదిలాకే టేపు పెట్టాం. కంపెనీ ఎత్తులోనే ఉన్న అదే మోడల్ బండితో పోల్చితే ఈ బండి ముందు ఎడమ 72 మి.మీ., ముందు కుడి 66 మి.మీ., వెనక రెండు వైపులా సుమారు 35 మి.మీ. పైకి ఉంది. ఆ తరువాత ఛాసిస్ కింద జాకీ పెట్టి ముందు చక్రాలు గాలిలో వేలాడేవరకు లేపి మళ్లీ కొలిస్తే, ఎడమ చక్రం కేవలం 26 మి.మీ., కుడి చక్రం 32 మి.మీ. మాత్రమే కిందికి దిగాయి. ఈ షాకబ్జరుతో చక్రానికి ఉన్న మొత్తం ట్రావెల్, అంటే చక్రం పైకీ కిందికీ కదలగల దూరం, 210 మి.మీ.; అందులో ఎనిమిదో వంతు మాత్రమే కిందికి మిగిలింది, తక్కినదంతా పైకి ఉంది. గుంతలోకి చక్రం దిగాలంటే దిగడానికి చోటే లేదు.

ఈ పరిస్థితికి కారణం చెప్పాలంటే ముందు ప్రీలోడ్ (స్ప్రింగును రింగుతో ముందే నొక్కి ఉంచడం) గురించిన ఒక అపోహను పక్కన పెట్టాలి. రింగు తిప్పి స్ప్రింగును బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. ఒకే మందం, ఒకే చుట్టు దూరం ఉన్న సాధారణ స్ప్రింగు ఎంత బిగించినా ఒక మిల్లీమీటరు నొక్కడానికి పట్టే బలం మారదు. బండి బరువు మారలేదు కాబట్టి ఆ బరువును మోయడానికి స్ప్రింగు అంతకుముందు ఎంత నొక్కుకునేదో ఇప్పుడూ అంతే నొక్కుకుంటుంది. మారేది స్ప్రింగు కూర్చునే చోటు. అంటే రింగు పని బండిని పైకి లేపడం వరకే. లేపిన ప్రతి మిల్లీమీటరూ కిందికి దిగే ట్రావెల్ నుంచి తీసుకున్నదే. బండి గట్టిపడినట్లు డ్రైవరుకు అనిపించేది కూడా షాకబ్జర్ మాటిమాటికీ పూర్తిగా సాగి కొసకు తగలడం వల్లనే.

రింగుకూ చక్రానికీ మధ్య లెక్క కూడా తెలిసి ఉండాలి. కాయిలోవరు కింది కొస కింది ఆర్మ్ మీద, లోపలి బుష్‌కూ బాల్ జాయింటుకూ మధ్యలో కూర్చుంటుంది. ఈ బండిలో ఆ చోటు లోపలి నుంచి సుమారు 60 శాతం దూరంలో ఉన్నట్లు కొలిచాం. కాబట్టి సీటును 6 మి.మీ. లేపితే చక్రం దగ్గర 10 మి.మీ. ఎత్తు వస్తుంది. ఈ కిట్ మరల పిచ్ 2 మి.మీ. కనుక రింగు ఒక్క చుట్టు తిరిగితే మడ్‌గార్డు దాదాపు 3.3 మి.మీ. కదులుతుంది. బలం విషయంలో ఇదే నిష్పత్తి రెండుసార్లు పనిచేస్తుంది: 0.6 ని 0.6 తో గుణిస్తే 0.36, అంటే స్ప్రింగు గట్టిదనంలో మూడో వంతుకు కొంచెం పైన మాత్రమే చక్రం దగ్గర కనిపిస్తుంది.

స్ప్రింగుల మీద ఉన్న గుర్తులు చూస్తే అవి మిల్లీమీటరుకు సుమారు 110 న్యూటన్ల రకం. పై లెక్కన చక్రం దగ్గర దాదాపు 40 న్యూటన్లు, అంటే చక్రం మీద నాలుగు కిలోల బరువు పెరిగితే ఒక మిల్లీమీటరు దిగుతుంది. ఈ ఖాళీ బండి ముందు భాగానికి అది ఎక్కువ. ఎందుకు వేశారో మొదట అర్థం కాలేదు. అడిగితే అప్పట్లో బండికి ఇనుప బంపరు, దాని మీద వించీ (కూరుకుపోయిన బండిని తాడుతో లాగే యంత్రం) ఉండేవని, వాటిని తరువాత తీసేయించానని యజమాని చెప్పారు. ముందు కిట్ వేసిన మెకానిక్ పక్షాన ఒక మాట చెప్పాలి: ఆ రెంటి బరువు కలిపి వంద కిలోలు అనుకుంటే, చక్రానికి యాభై చొప్పున బండి 12 మి.మీ. పైగా కిందికి కూర్చుని ఉండేది. ఆనాటి బరువుకు ఆ స్ప్రింగు తగినదే. బంపరు పోయిన రోజే ఈ అమరిక కాలం చెల్లింది, కానీ ఎవరూ మళ్లీ కొలవలేదు. స్ప్రింగును బరువును చూసి ఎంచుకోవాలనీ, బరువు మారితే ఎత్తు తిరిగి సరిచూడాలనీ కిట్ అమ్మేటప్పుడే చెప్పవలసింది.

బంపరు తీయించడం మాత్రం ఆయన మంచి పనే చేశారు. క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోవాలని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. లిఫ్ట్ విషయంలోనూ చట్టం మెతకగా లేదు. మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలతో తేడా పడేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. ఈ సంగతి పని మొదలుపెట్టకముందే యజమానికి చెప్పి, రవాణా కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడిగి తెలుసుకోమన్నాం. లిఫ్ట్ పని చేసే షెడ్డు ఈ మాట దాచిపెట్టడం నాకు నచ్చదు.

ఆయనతో అసలు వాదన ఎత్తు తగ్గించడం గురించి జరిగింది. డెబ్బై మి.మీ. కొనుక్కున్న మనిషి నలభైకి దిగమంటే ఒప్పుకోవడం కష్టం. బండిని ర్యాంపు మీదికి ఎక్కించి కిందికి తీసుకుపోయి చూపించాం. నల్లరేగడి గాడుల మధ్య గట్టిపడిన మిట్టకు తగిలి గీతలు పడింది వెనక డిఫరెన్షియల్ హౌసింగ్ (రెండు చక్రాల మధ్య గేర్లు ఉండే గుల్ల) మీద; అది చక్రాలతో పాటే ఉండే యాక్సిల్‌లో భాగం. స్ప్రింగులను ఎంత లేపినా ఛాసిస్, తొట్టి, ఇంజను లేస్తాయి తప్ప ఆ హౌసింగ్ నేల నుంచి వెంట్రుకవాసి కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే. 245/70 ఆర్16 టైరు వ్యాసం సుమారు 749 మి.మీ., 265/70 ఆర్16 ది 777 మి.మీ.; తేడాలో సగం, అంటే 14 మి.మీ., యాక్సిల్ కింద నిజంగా కలిసివచ్చిన ఖాళీ. తన బండికి తోట దారిలో పనికివచ్చిన ఎత్తు ఆ పద్నాలుగేనని తెలిశాక ఆయన ముందు భాగం తగ్గించడానికి ఒప్పుకున్నారు. పెద్ద టైరు వల్ల స్పీడోమీటరు వందలో సుమారు 3.6 తక్కువ చూపుతుందన్న విషయం కూడా అప్పుడే చెప్పాం.

ఎంతకు తగ్గించాలన్న దానికి మేము పెట్టుకున్న హద్దు ఇది: ఖాళీ బండిలో కిందికి దిగే ట్రావెల్ మొత్తంలో పావు వంతుకు తగ్గకూడదు, మూడో వంతు ఉంటే మరీ మంచిది. ముందు లిఫ్ట్ 40 మి.మీ. చేస్తే కిందికి 58 మి.మీ. మిగులుతుంది, అది పావు వంతుకు పైన. ఇంకా దించితే పెద్ద టైరు పూర్తి మలుపులో, చక్రం నొక్కుకున్నప్పుడు మడ్‌గార్డు లోపలి లైనరుకు రాస్తుంది. రెండింటి మధ్య నలభై దగ్గర ఆగాం. స్ప్రింగులను సుమారు 95 న్యూటన్ల రకానికి, అదే పొడవులో మార్చాలని నిర్ణయించాం. స్ప్రింగు మార్పుతోనే చక్రం దగ్గర దాదాపు 19 మి.మీ. దిగుతుందని లెక్క తేలింది, మిగిలినది రింగుతో సర్దాలి.

పనిలో ఎక్కువ సమయం తిన్నది రింగులే. మరల నిండా ఎర్రమట్టి, గ్రీజు కలిసి గట్టిపడి ఉన్నాయి. ఆ స్థితిలో, బండి బరువు స్ప్రింగు మీద ఉండగానే సి-స్పానరు పెట్టి తిప్పితే అల్యూమినియం మరలు ఊడివస్తాయి. చక్రం గాలిలోకి లేపి, డీజిల్‌తో తడిపి, వైరు బ్రష్ కాకుండా గట్టి నైలాన్ బ్రష్‌తో మర మరా రుద్ది, పలుచని నూనె రాసిన తరువాతే లాక్ రింగు వదులు చేశాం. శుభ్రం చేశాక ఒక సంగతి బయటపడింది: రెండు వైపులా రింగు కింద కనిపించే మరల సంఖ్య ఒక్కటే. పాత అమరిక చేసినవారు మరలు లెక్కపెట్టి సమానంగా బిగించారు, మడ్‌గార్డు దగ్గర కొలవలేదు. కుడి వైపు డ్రైవరు, స్టీరింగు బరువు ఉంటాయి కనుక మరలు సమానమైతే బండి సమానం కాదు. ఎడమ వైపు 6 మి.మీ. ఎక్కువ ఉండడానికి ఇదే కారణం. కొత్త స్ప్రింగులతో ఎడమ రింగును నాలుగు చుట్లు, కుడి రింగును రెండు చుట్లు కిందికి తిప్పితే రెండు వైపులా ఎత్తు నలభైకి ఒకటి రెండు మి.మీ. తేడాలో నిలిచింది.

కింది ఆర్మ్ బుష్ బోల్టుల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే లిఫ్ట్ చేసిన బండ్లలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. ఈ బుష్‌లో లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అంటించి ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం ఛాసిస్‌కు పట్టుకుంటుంది, ఆర్మ్ కదిలినప్పుడల్లా రబ్బరు మెలితిరిగి తిరిగి వస్తుంది. చక్రం వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, నేల మీదకు దించినప్పుడు రబ్బరు ఎప్పటికీ మెలితిరిగే ఉంటుంది. బండి చక్రాల మీద నిలిచి ఉండగా ఎడమ ఆర్మ్ వెనక బోల్టు వదులు చేయగానే లోపలి గొట్టం టక్కున తిరిగి తన చోటుకు వచ్చింది. తల మీద సుద్దతో గీసిన గీత కంటికి కనిపించేంతగా పక్కకు జరిగింది. ఆ బుష్ రబ్బరు అంచున చీలిక మొదలై ఉంది కాబట్టి మార్చేశాం. తక్కిన బోల్టులన్నీ వదులు చేసి, బండిని చక్రాల మీదే ర్యాంపుపై ఉంచి, కొత్త ఎత్తులో టార్క్ రెంచితో మళ్లీ బిగించాం.

యాక్సిల్ బూటు చిరగడానికి కారణం ఎత్తు వల్ల జాయింటు కోణం పెరగడమే. బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని అరిగి, చివరికి తెగుతాయి. నలభై మి.మీ. ఎత్తులో కోణం భరించదగినదే కాబట్టి కొత్త బూటు, కొత్త గ్రీజుతో సరిపెట్టాం. ముందు డిఫరెన్షియల్‌ను దించే స్పేసర్లు వేయించుకోమని ఎవరో ఆయనకు సలహా ఇచ్చారట. ఎత్తు పెంచి, దాని కోసం డిఫరెన్షియల్‌ను కిందికి దించడమంటే కొన్నదాన్ని తిరిగి అమ్ముకోవడమే. డెబ్బై ఉంటే దాని అవసరం ఉండేదేమో, నలభైకి లేదు.

వెనక వైపు కొలతలు బరువుతో చూడాలి. డీఏపీ మూట 50 కిలోలు కచ్చితంగా ఉంటుంది, తూకానికి అంతకన్నా మంచి సాధనం మా దగ్గర లేదు. నాలుగు మూటలు యాక్సిల్‌కు సరిగ్గా పైన పేర్చితే వెనక భాగం 33 మి.మీ. దిగింది. అంటే బరువు ఎక్కగానే వెనక లిఫ్ట్ అంతా మాయమై, ముందు మాత్రం డెబ్బై దగ్గరే నిలిచి, బండి ముక్కు ఆకాశం వైపు చూస్తోంది. వీల్‌బేస్ 3,095 మి.మీ. కనుక పాత అమరికలో హెడ్‌లైటు కిరణం 25 మీటర్ల దూరంలో కంపెనీ స్థాయి కన్నా అర మీటరు పైకి పోతోందని లెక్క వస్తుంది. ఎదురుగా వచ్చేవాళ్లు తిట్టారంటే తిట్టరా మరి.

స్టీరింగు సంగతి కూడా ఇక్కడే తేలింది. లోడు ఉంటే స్టీరింగు బాగుంటుందని, ఖాళీగా ఉంటేనే తేలిపోతుందని యజమాని మొదటే అన్నారు, మేము అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. అలైన్‌మెంట్ యంత్రం మీద పెడితే పాత ఎత్తులో క్యాస్టర్ (పక్కనుంచి చూస్తే స్టీరింగు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) కంపెనీ పరిధికి దిగువన ఉంది. ఎత్తు పెరిగి ఆర్మ్‌లు వాలడం వల్ల క్యాస్టర్ తగ్గింది, దాంతో చక్రాలు తమంతట తాము తిన్నగా నిలిచే గుణం కోల్పోయాయి. వెనక 33 మి.మీ. దిగితే బండి మొత్తం వెనక్కి వాలి సుమారు 0.6 డిగ్రీ క్యాస్టర్ తిరిగి వస్తుంది. లోడుతో ఆయనకు కనిపించిన తేడా అదే. ఎత్తు తగ్గించాక సర్దుబాటు పరిధిలోనే క్యాస్టర్, క్యాంబర్ (చక్రం పక్కకు వాలిన కోణం), టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండడం) మూడూ కంపెనీ హద్దుల్లోకి వచ్చాయి, వేరే పై ఆర్మ్‌లు కొనవలసిన అవసరం రాలేదు.

కమాన్ కట్టలో చేర్చిన పట్టీని ఉంచేశాం. కానీ పాత యూ-బోల్టులనే మళ్లీ వాడి ఉండడం చూసి అవి, సెంటర్ బోల్టులు కొత్తవి వేశాం. ఒకసారి సాగిన యూ-బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. ఎయిర్ బ్యాగులు పెట్టమని యజమాని అడిగారు. ఏడాదిలో చాలా భాగం ఖాళీగా తిరిగే బండికి వాటి గాలి చూసుకునే ఓపిక ఎవరికీ ఉండదన్నది నా అభిప్రాయం, అందువల్ల వద్దన్నాను. బ్రేకు హోసులు, ఏబీఎస్ తీగలు చక్రాలు పూర్తిగా వేలాడినప్పుడు బిగిసిపోవడం లేదని చూశాం. వెనక బ్రేకులకు బరువును బట్టి ఒత్తిడి మార్చే ఎల్‌ఎస్‌పీవీ ఉన్న పికప్పుల్లో దాని రాడ్డును కూడా కొత్త ఎత్తుకు సర్దాలి. లేకపోతే ఎత్తు పెరిగిన బండిని ఆ వాల్వు ఖాళీ బండి అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది.

చివరికి నాబ్‌లు. పాత అమరికలో ముందు ఏడో స్థాయి, వెనక ఆరు. ఈ రకం షాకబ్జరులో నాబ్ ప్రభావం ఎక్కువగా తిరిగి సాగే కదలిక మీద ఉంటుంది. అది అతిగా బిగిస్తే, వరసగా వచ్చే గతుకుల మీద చక్రం ఒక గతుకు నుంచి పూర్తిగా కిందికి రాకముందే రెండోది తగులుతుంది. అలా బండి అంచెలంచెలుగా కూర్చుకుపోయి, కొంతసేపటికి స్ప్రింగే లేనట్లు కొడుతుంది. బాగా వదిలేస్తే ఒక్క స్పీడ్ బ్రేకరుకు మూడు ఊపులు ఊగుతుంది. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు సరిచూసి, నార్పల దాటాక తోటకు చీలే మట్టి రస్తాలో ఒకే ముక్క మీద, ఒకే వేగంతో, ఒకసారికి ఒక్క కొస మాత్రమే మారుస్తూ నడిపాం. పని పెట్టుకున్నది మిట్టమధ్యాహ్నం. అనంతపురం ఎండలో షాకబ్జర్ నూనె పలచబడి పట్టు తగ్గుతుంది, ఉదయం చల్లపూట సరిపోయిన స్థాయి అప్పటికి చాలకపోవచ్చు. ముందు నాలుగు, వెనక మూడు దగ్గర ఖాళీ బండి కుదురుగా నడిచింది. రెండు క్వింటాళ్లు ఉన్నప్పుడు వెనక ఐదుకు తిప్పుకోమని చెప్పి, నాబ్ పక్కన తెల్ల రంగుతో రెండు చుక్కలు పెట్టాం. హెడ్‌లైట్లను డీఏపీ మూటలు తొట్టిలో ఉండగానే గోడ మీద సరిచేశాం, ఖాళీగా ఉన్నప్పుడు వెలుతురు కొంచెం దగ్గరే పడుతుందన్నది తెలిసే.

కొత్త స్ప్రింగులు నడిచాక కొంత కూర్చుంటాయి కాబట్టి తిరిగి రప్పించుకుని చూశాం. ముందు రెండు వైపులా 3 మి.మీ. దిగింది, రింగును ఒక చుట్టు పైకి తిప్పాం. యూ-బోల్టులు కొద్దిగా పట్టు వదిలాయి, మళ్లీ బిగించాం. దిగేటప్పటి చప్పుడు లేదు. టైర్ల అరుగుదల అంచు నుంచి మధ్యకు వస్తోంది, అయితే అప్పటికే అరిగిన అంచు తిరిగి రాదు గనుక ముందు జతను వెనక్కి మార్చాం. వచ్చే ఎండాకాలం మొక్కలకు నీళ్లు తోలడానికి తొట్టిలో 500 లీటర్ల ట్యాంకు పెట్టాలన్న ఆలోచన యజమానికి ఉంది. నిండితే అది అర టన్ను. ఈ కమాన్లకు గానీ, ఈ నాబ్ స్థాయిలకు గానీ, లైట్ల అమరికకు గానీ ఆ బరువు లెక్కలో లేదు. ముందు ఆర్‌సీలో రాసిన బరువు పరిమితి చూసుకుని రమ్మన్నాం.